ఎలుక వీపు మీద తెల్ల మీసం

పాతికేళ్లు సెలూన్ నడిపాను. ఊరందరి తలలూ నా చేతుల్లో పెరిగాయి గానీ, నా తల మాత్రం నా చేతికి చిక్కకుండా ముప్పై ఏళ్లకే ఖాళీ అయింది. కుర్చీలో కూర్చున్న కస్టమరు అద్దంలో తన పల్చబడ్డ జుట్టు చూసుకుని దిగులుపడి, వెనక నిలబడ్డ నా తల చూసి ధైర్యం తెచ్చుకునేవాడు. ఆ ధైర్యానికి నేను విడిగా ఏమీ తీసుకునేవాణ్ణి కాదు.

తల పోయినా మీసం నిలిచింది. నిలవడమంటే అలా ఇలా కాదు, రెండు కొసలూ నిమ్మకాయ నిలబడేట్టు. ఆదివారం ఆదివారం రంగు వేసి కాటుకలా ఉంచుకునేవాణ్ణి.

మోకాళ్లు నొప్పెట్టి సెలూన్ మూసేశాక మా అక్క కూతురు నన్ను తన పరిశోధనశాలలో పెట్టించింది. ఇంట్లో ఆమె పేరు చిట్టి. ముప్పై రెండేళ్లొచ్చినా చిట్టే. ఆమె పని చర్మం మీద. గాయం మానితే కొత్త చర్మం వస్తుంది కదా, దాని మీద వెంట్రుక మొలవదు. కావాలంటే మీ మోకాలి మీద చిన్నప్పటి మచ్చ చూసుకోండి, అచ్చం నా తలే. వెంట్రుక రావాలంటే చర్మం లోపల దానికో కుదురుండాలి. మచ్చలో కుదురు మళ్లీ పుట్టించడం అంత తేలిగ్గా కుదరదని అందరూ అంటే, కుదిరేదాకా కుదురుగా కూర్చోనంది మా చిట్టి. రెండేళ్లు కష్టపడి జిగురులాంటి మందొకటి తయారు చేసింది. గాయం మీద అది పూస్తే కుదుళ్లు పుడతాయని ఆమె ఆశ.

నా ఉద్యోగం? ఎలుకల క్షవరం. నవ్వకండి. అంతకుముందు పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు గొరిగితే, ఎలుక వీపు పందికొక్కులు తవ్విన చేనులా ఉండేదట. నేను వచ్చాక ఫోటోలు చూసినవాళ్లు "ఎవరండీ గొరిగింది?" అని అడగడం మొదలుపెట్టారు. అక్కడందరూ నన్ను మెరుపు మావయ్య అంటారు. మెరుపు చేతిలో ఉందనుకుని మురిసిపోయాను. తలలో ఉందని తర్వాత తెలిసింది.

ఈసారి పన్నెండు నల్ల ఎలుకలు. మత్తిచ్చి ఒక్కో దాని వీపు మీద బొటనవేలి గోరంత చర్మం తీశారు. ఎనిమిదింటికి మందు పూశారు, నాలుగింటికి పూయలేదు. రెండు వారాల్లో గాయాలన్నీ మానాయి. అప్పటినుంచీ ప్రతి గురువారం ఒకటే వరస. ఎలుకను రెండు నిమిషాలు మత్తు పెట్టెలో పడుకోబెట్టి, చుట్టుపక్కల జుట్టు పెరిగి మచ్చను కప్పేయకుండా నేను ట్రిమ్మర్‌తో తీసేయాలి. పక్క గదిలో చిట్టి ఫోటో తీసుకోవాలి. గోడ మీద కాగితం కూడా అంటించింది: "మచ్చ చుట్టూ వెంట్రుకలు తొలగించాలి."

తొలగించాను. చిట్టి ఫోటోలు తీసింది. వారం వారం భూతద్దం పెట్టి వెతికింది. ఫలితం గుండుసున్నా. మచ్చ లోపల ఏముందో కోసి చూడొచ్చు గానీ, దానికి ఎలుక ప్రాణం పోవాలి. పైన ఒక్క వెంట్రుకైనా కనబడందే ఏ ఎలుకనూ కోయనని ఆమె పట్టుదల.

ఎనిమిదో వారం బుధవారం సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గడపలో కూలబడింది.

"మావయ్యా, ఎల్లుండి మా పని చూసి తేల్చడానికి కమిటీ వాళ్లొస్తున్నారు. రేపటి ఫోటోలే ఆఖరివి."

"వాటిలో కూడా లేకపోతే?"

"ఎలుకల గది మూసేస్తారు. నన్ను ఫేస్ క్రీముల విభాగానికి పంపుతారు."

"ముఖానికి రాసే క్రీములా?" అంది మా ఆవిడ, కళ్లు పెద్దవి చేసి. "మంచిదేగా! ఇంటికో డబ్బా తెస్తావు."

"అత్తా!"

"ఊరికే అన్నానే. ముందు ముఖం కడుక్కో, ఏ క్రీమూ పనిచెయ్యనట్టుంది."

చిట్టి నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. నాకు మాత్రం గుండెలో ట్రిమ్మర్ తిరిగింది. ఎందుకంటే నా దగ్గరొక గుట్టుంది.

మూడు వారాలుగా ట్రిమ్మర్ బ్లేడు మీద సన్నటి తెల్ల వెంట్రుకలు కనబడుతున్నాయి. ఎలుకలేమో కారునలుపు. మరి తెలుపెక్కడిది? ఆ గదిలో నెరిసినది ఒకటే ఉంది, అది నా ముక్కు కింద ఉంది. గురువారం వచ్చేసరికి ఆదివారం రంగు కింద మొదళ్లు తెల్లగా తొంగిచూస్తాయి. పైగా మాస్కు కడితే కొసలు నలుగుతాయని పెదవి కిందికి, ఒక్కోసారి గడ్డం కిందికి లాగేస్తుంటాను. బ్లేడు మీది జుట్టును "ఫూ" అని ఊదడం పాతికేళ్ల అలవాటు. బయటి వెంట్రుక గాయంలో పడితే ప్రయోగం పాడవుతుందని చిట్టి మొదటిరోజే చెప్పింది. అంటే నా మీసం రాలి, చిట్టి రెండేళ్ల కష్టాన్ని రాల్చేస్తోందన్నమాట. ఈ సంగతి చెప్పడానికి నోరు రాక, బ్లేడు తుడిచేసి ఊరుకున్నాను. నోటికి అడ్డం మీసమే.

ఆ సాయంత్రం చిట్టి వెళ్లగానే అద్దం ముందు నిలబడ్డాను. నలభై ఏళ్ల స్నేహం. కళ్లు మూసుకుని ఎడమ పక్క, కళ్లు తెరిచి కుడి పక్క తీసేశాను. ఇవతలికొస్తే మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవరండీ మీరు?"

"నేనేనే."

"గొంతు ఆయనదే. ముఖం మాత్రం ఉడకబెట్టి ఒలిచిన గుడ్డులా ఉంది. ఏమైందండీ, పందెం ఓడిపోయారా?"

"గెలవడానికి తీశాను," అన్నాను, అదేదో యుద్ధానికి పోతున్నట్టు.

గురువారం పొద్దున్న మాస్కు కళ్ల దాకా లాగి కట్టుకున్నాను. మీసం లేదు, మాస్కు ఉంది, ఊదేది లేదు. మొదటి ఎలుకను గొరిగి బ్లేడు చూశాను.

తెల్ల వెంట్రుకలు. నాలుగు.

పోయిన వారానివేమో అనుకుని బ్రష్‌తో దులిపాను, స్పిరిట్‌తో కడిగాను, వెలుతురు కేసి పట్టి చూశాను. శుభ్రం. రెండో ఎలుకను గొరిగాను. ఈసారి ఆరు! చెయ్యి మూతి మీదికి పోయింది. నున్నగా ఉంది. తల తడిమాను. అదెప్పుడూ నున్ననే. కనుబొమలు నల్లనివి. ఇక ఆ గదిలో మిగిలింది ఎవరు?

మూడో ఎలుకను వెలుతురులోకి తెచ్చాను. మచ్చ చుట్టూ తీశాను. ఆ తర్వాత నా చెయ్యి, దానంతటది, ఎప్పటిలా మచ్చ మధ్యకి బయల్దేరింది. సెలూన్లో పనంతా అయ్యాక మెడ వెనక ఆఖరున రెండు గీతలు ఊరికే గీసేవాణ్ణి. అది కస్టమరు అడిగేది కాదు, నేను మానేది కాదు. ఆ రెండు గీతలూ ఇన్ని వారాలుగా ప్రతి ఎలుకకీ, సరిగ్గా మచ్చ నడిమధ్యన గీస్తున్నానని ఆ క్షణాన తెలిసింది. చెయ్యి గాల్లో ఆగింది. వంగి చూశాను. మచ్చ మధ్యలో, గోరంత మేర, మంచు రాలినట్టు తెల్లటి నూగు.

"చిట్టీ!" అని నేను అరిచిన అరుపుకి మత్తులో ఉన్న ఎలుక కూడా కాలు కదిపింది.

పరుగెత్తుకొచ్చింది. మాస్కు జారిన నా మూతి చూసి కెవ్వుమంది.

"మావయ్యా, మీసమేదీ?"

"మీసం సంగతి తర్వాత. ఇది చూడు."

భూతద్దం పెట్టింది. సన్నటి పట్టకారుతో ఒక వెంట్రుక కొస పట్టి మెల్లగా లాగింది. దానితో పాటు చర్మం కూడా గుడారంలా పైకి లేచింది. రాలి పడ్డది కాదు, వేళ్లున్నది!

"ఇది మచ్చలో మొలిచింది... తెల్లగా ఎందుకుందో తెలుసా? కుదురు కొత్తది మావయ్యా. రంగు పోసే కణాలు ఇంకా అక్కడికి చేరలేదు." అంటూనే నా వైపు తిరిగింది. "మరి ఫోటోల్లో ఒక్కటీ లేదేం?"

చెప్పేశాను. మీసం, మాస్కు, ఊదడం, ఊరికే గీసే రెండు గీతలు, అన్నీ. తోలు తీస్తుందనుకున్నాను. ఆ శాలలో తోలు తీయడం ఆమెకు కొత్తా?

"మూడు వారాల నుంచీనా?"

"మూడు వారాల నుంచీ."

"నేను మొలిపించడం, నువ్వు గొరగడం!"

"ఊరికే చేశానమ్మా, మంచికే..."

చిట్టి నేల మీద కూర్చుండిపోయింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళితే, నవ్వుతోంది. నవ్వు ఆగక పొట్ట పట్టుకుని, "మీసం... ఎలుక కోసం..." అంటోంది. నాకూ అంటుకుంది. ఇద్దరం నేల మీద కూర్చుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, మధ్యలో లేచి ఎలుకను వెచ్చటి డబ్బాలో పెట్టి, మళ్లీ కూర్చుని నవ్వాం.

గొరగని ఎలుకలు ఇంకా తొమ్మిదున్నాయి. వాటి మచ్చల చుట్టూ మాత్రమే తీశాను, ఊపిరి కూడా పక్కకి వదులుతూ. చిట్టి లెక్కపెట్టింది. నేను గీకేసిన రెండూ పోగా, మందు పూసిన ఆరింటిలో ఒక్కోదానికి ముప్పైకి తగ్గలేదు. మందు పూయని నాలుగింటిలో ఒకదానికి రెండు, మరొకదానికి ఒకటి, మిగతావి బోడి.

శుక్రవారం కమిటీ వచ్చింది. ముందు నడిచిన పెద్ద డాక్టరు గారి తల చూసి నాకు సొంత తమ్ముణ్ణి చూసినట్టయింది. ఆయన భూతద్దంలో చూశాడు, పట్టకారుతో లాగాడు, ఇంకోటి లాగాడు. అప్పుడు పాత ఫోటోలు తిరగేసి కళ్లద్దాలు పైకి తోశాడు.

"పోయిన వారం దాకా ఏమీ లేదు. ఒక్క వారంలో ఇన్నా? ఎలా నమ్మమంటావమ్మా?"

చిట్టి నోరు తెరిచేలోగా నేను ముందుకొచ్చాను. "నేను గొరిగేశానండి." ట్రిమ్మర్ పిడి సందుల్లోంచి బ్రష్‌తో రాల్చి కాగితంలో పొట్లం కట్టిన తెల్ల నూగును బల్ల మీద పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతూ మూతి తడుముకున్నాను, అక్కడేమీ లేదు.

ఆయన నా మూతి చూశాడు, తల చూశాడు, పొట్లం చూశాడు. చిన్నగా మొదలైన నవ్వు ఆయన్ని కుర్చీలోంచి లేపేసింది.

"మీసం పణంగా పెట్టి మరీ సాక్ష్యం చెబుతున్నాడయ్యా ఈయన! గది ఉంచండి. ఇంకో ఏడాది. ఒకదాన్ని కోసి లోపల కుదుళ్లు చూపించమ్మా." గుమ్మం దాకా వెళ్లి ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇది... మనలాంటివాళ్లకి?"

"ప్రస్తుతానికి ఎలుకలకే సార్," అంది చిట్టి.

"సరే సరే, తొందరేం లేదు," అంటూ తల నిమురుకుంటూ వెళ్లిపోయాడు.

గోడ మీద ఇప్పుడు కొత్త కాగితముంది: "చుట్టూ మాత్రమే. మధ్యలో మావయ్య చెయ్యి పడరాదు." నా మీసం తిరిగి మొలుస్తోంది, తెల్లగా. రంగు వేయబోతే మా ఆవిడ డబ్బా దాచేసింది, కుదురు కొత్తదటగా, ఉండనివ్వమని.

నేటికీ గురువారాల్లో ప్రతి ఎలుకనూ గొరిగాక నా చెయ్యి ఆఖరి రెండు గీతలకు లేస్తుంది. మానలేను. ఎలుకను చిట్టికి అందించేసి, ఆ రెండూ గాల్లో గీస్తున్నాను.