గీతల మీద దాటినవాళ్లు

ఒంటిగంట దాటేసరికి ఆమె కుడి బొటనవేలు తిమ్మిరెక్కింది. పలకను ఎడమ చేతి కిందికి మార్చుకుంది. ఆ పలక మీద నొక్కినకొద్దీ అంకె పెరిగే నాలుగు మీటలు బిగించి ఉన్నాయి. కార్లకొకటి, రెండు చక్రాల బళ్లకొకటి, ఆటోలకొకటి, బస్సులకూ లారీలకూ కలిపి ఒకటి. బండి ఎదురుగా ఉన్న స్తంభాన్ని దాటగానే మీట నొక్కాలి. పావుగంటకోసారి అంకెను కాగితంలో ఎక్కించి మీటను మళ్లీ సున్నాకి తిప్పాలి. బస్సులో డెబ్బైమంది వేలాడుతున్నా ఒక్క నొక్కే. కారులో ఒక్కడే కూర్చుని ఫోన్లో మాట్లాడుకుంటూ పోతున్నా ఒక్క నొక్కే.

పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా స్టూలు మీంచి లేవకూడదు. రెండుసార్లు పది నిమిషాల విరామం ఉంది గానీ, మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకుకు వెళ్లి రావడానికే పావుగంట పడుతుంది. అందుకని మూడు రోజులుగా నీళ్లు పెదాలు తడుపుకోవడానికే తాగుతోంది. రోజుకి ఆరువందలు. ఈ పూట గడిస్తే పని పూర్తవుతుంది. లెక్క శుభ్రంగా ఉంటే వేరే కూడళ్లలో ఇంకో రెండు నెలల పని ఇప్పిస్తానన్నాడు సూపర్‌వైజరు.

శుభ్రంగా లెక్కపెట్టడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. వాడలో కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, చీటీ వాటాలు తేలకపోయినా ఆమె గుమ్మం ముందుకే వస్తారు. లెక్కలమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో.

కాగితంలో చివరి గడి నడిచి దాటినవాళ్లది. దానికి మీట లేదు, పెన్సిలుతో గీతలు పెట్టాలి. మొదటి రోజే సూపర్‌వైజరు చెప్పాడు, రోడ్డు మీద తెల్ల గీతలుంటాయి కదా, వాటి మీద దాటినవాళ్లనే రాయాలని. ఎక్కడ పడితే అక్కడ దాటేవాళ్లు లెక్కలోకి రారని. ఈ లెక్కను బట్టే రోడ్డు నడుమ దిమ్మెలో ఉన్న సందు మూసి ఇనుప కంచె వేస్తారో లేదో తేలుతుందని కూడా చెప్పాడు. కంచె వేస్తే కార్లకు అడ్డుండదు. మనుషులు మాత్రం కిలోమీటరు దూరంలో వంతెన దగ్గర దాటాలి.

తెల్ల గీతలు లేవు. పోయినేడాది రోడ్డు వేసినప్పుడు కొత్త తారు కింద కప్పబడిపోయాయి, మళ్లీ ఎవరూ వేయలేదు. కాబట్టి గీతల మీద దాటినవాళ్లూ లేరు. మొదటి రెండు రోజులూ ఆ గడి నిండా ఆమె గుండ్రంగా సున్నాలు చుట్టి కింద సంతకం పెట్టింది. చెప్పినట్టు రాయడమే కదా తన పని అనుకుంది. రాత్రి అన్నం తింటున్నప్పుడు మాత్రం అత్త ముఖం వైపు చూడలేకపోయింది.

రోడ్డవతల ఆసుపత్రి. ఇవతల వాళ్ల వాడ. అత్త ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేస్తుంది. తడి దుప్పట్లు పిండి పిండి చేతులు గట్టిపడ్డాయి గానీ ఎడమ మోకాలు అరిగిపోయింది.

రెండింటికి ఆసుపత్రిలోంచి పొద్దుటి వంతు వాళ్లు బయటికొచ్చారు. ఆయాలూ, ఊడ్చేవాళ్లూ, ఉతికేవాళ్లూ గుంపుగా అంచున నిలబడ్డారు. బళ్ల మధ్య ఖాళీ చూసుకుని ముందు పదిమంది పరుగెత్తారు. అత్త వెనకబడింది. నడుమ దిమ్మె దగ్గర ఒక క్షణం ఆగి, చెయ్యి అడ్డంగా చాపి కిందికి దిగింది.

బస్సు చాటు నుంచి తెల్ల కారు దూసుకొచ్చింది. బ్రేకు కీచుమంది. అత్త చేతిలోని సంచి ఎగిరిపడింది. సబ్బుపెట్టె, టిఫిను డబ్బా తారు మీద దొర్లాయి. కారు జానెడు దూరంలో ఆగి, గట్టిగా హారను కొట్టి, పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది.

టక్.

ఆమె వేలు మీట నొక్కేసింది. కారు స్తంభం దాటింది కాబట్టి. అప్పటికింకా అత్త రోడ్డు మీదే ఒంగి మూత వెతుక్కుంటోంది.

ఆమె తన వేలి వైపు చూసుకుంది.

అత్త కుంటుతూ వచ్చి స్టూలు పక్కన చతికిలబడింది. "చూశావా వాడి పొగరు! చచ్చుంటే బంపరు కడిగించుకోడానికి నా దగ్గరే డబ్బులడిగేవాడు."

"దెబ్బ తగిలిందా అత్తా?"

"తగల్లేదులే. డబ్బాకి సొట్టపడింది." ఆయాసం తీర్చుకుని కాగితంలోకి తొంగి చూసింది. "ఇంతకీ నన్నెక్కడ రాశావే?"

ఆమె మోచెయ్యి కాగితం మీదికి జరిపింది.

"ఏమే, నిన్నే. వాడి కారు రాశావుగా. నేనెక్కడున్నానంట?"

"గీతల మీద దాటినవాళ్లనే రాయమన్నారు."

"గీతలెక్కడున్నాయే?"

"లేవు."

అత్త డబ్బా సంచిలో వేసుకుని కోడలి వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్ల నుంచి దాటుతున్నా తల్లీ ఈ రోడ్డు. నీ కాగితంలో మాత్రం ఒక్కసారి కూడా ఇల్లు చేరలేదన్నమాట." మోకాలు పట్టుకుని లేచింది. "పొయ్యి మీద నీళ్లు పెడతా. తొందరగా రా."

ఆమె పెన్సిలు తీసింది. గుంపులో దాటినవాళ్లతో మొదలుపెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకు పూర్తిగా చేరిన ప్రతి ఒక్కరికీ గీత పెట్టింది. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. అత్తకూ ఒకటి. సంచులు మోసుకొచ్చేవాళ్లు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లు, చేతికర్రతో దాటిన ముసలాయన. మూడున్నరకల్లా గడి సరిపోక గీతలు అంచు దాకా పాకాయి. రెండువందల పన్నెండు.

అప్పుడే వచ్చిన సూపర్‌వైజరు కాగితం మీదికి వంగి చూసి నొసలు చిట్లించాడు. "ఇదేంటమ్మా, చీమల బారు?"

"దాటినవాళ్లు సార్."

"గీతల మీదా?"

"గీతల్లేవండి. మనుషులున్నారు."

"చూడమ్మా." అతను గొంతు తగ్గించాడు. మంచివాడే, పొద్దున టీ కూడా ఇప్పించాడు. "రెండు రోజులు సున్నా వచ్చి మూడోరోజు రెండువందలు వస్తే పైవాళ్లు నన్ను తింటారు. కంచెకి ఇనుము కూడా వచ్చేసింది. నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఖాళీ కాగితమిస్తా, బళ్ల లెక్క అలాగే ఎక్కించు, చివరి గడిలో సున్నా వెయ్. సంతకం పెట్టు. సాయంత్రానికి పద్దెనిమిది వందలు చేతిలో పెడతా."

"మొదటి రెండు రోజులవీ తప్పే సార్. అవి కూడా ఇవ్వండి, కొట్టేసి రాస్తా, ఎంతమందో తెలీదని."

"పిచ్చా నీకు? మూడు రోజుల కూలీ పోతుంది. రెండు నెలల పని పోతుంది."

పద్దెనిమిది వందలు. మొగుడి బండికి టైరు, ఇంటద్దెలో తక్కువపడింది, అత్త మోకాలికి పట్టీ. అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. లెక్క ఆమెకు ఎప్పుడూ క్షణంలో తేలుతుంది.

"సున్నా కింద నా సంతకం పెట్టను సార్."

"అయితే ఇంకొకరు పెడతారు."

"పెట్టనివ్వండి. ఈ కాగితం మాత్రం నా దగ్గరే ఉంటుంది."

అతను చెయ్యి చాపాడు. ఆమె కాగితంతో సహా పలకను రెండు చేతులతో గుండెకు అదుముకుంది. ఆటో స్టాండులోని డ్రైవర్లు ఇద్దరు ఇటు తిరిగి చూశారు. అతను చెయ్యి దించుకున్నాడు.

"ఆఫీసుకి ఫోన్ చేసి చెప్తా. తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అని విసురుగా కదిలాడు. అతని కారు ఆసుపత్రి గోడ పక్కన, అవతల ఉంది. అంచున నిలబడ్డాడు. ఒకడుగు వేసి వెనక్కి తగ్గాడు. ఫైలు పైకెత్తి ఊపుతూ ఎలాగో నడుమ దిమ్మె దాకా పరుగెత్తాడు. అటునుంచి కార్లు తెరిపి లేకుండా వస్తున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

ఆమె పెన్సిలు గడి మీద ఆనించింది. గీత పెట్టబోయి ఆగింది.

అతనింకా అవతలికి చేరలేదు.