నూట పన్నెండు గోడలు

పెద్దవాగుపల్లెకు కంప్యూటర్ రాలేదు గానీ, కంప్యూటర్ కొట్టిన కాగితం వచ్చింది. దానికే ఊరు ఊరంతా జాతరైపోయింది. శివరాత్రి వెళ్లిన వారానికి, భూపాలపల్లి మండలాఫీసు జవాను సైకిల్ మీద తెచ్చి పంచాయతీ గోడకు అతికించి పోయాడు. నిలువెత్తు కాగితం, మడతలు మడతలుగా ఉంది, రెండంచులా వరసగా చిల్లులు. అక్షరాలేమో ఇంగ్లీషువి, చుక్కలు చుక్కలుగా పేర్చినట్టున్నాయి. మిరపతోటలకు బయల్దేరిన ఆడవాళ్లు గంపలు దింపి నిలబడ్డారు. అదేమిటో చెప్పే నాథుడు లేడు. చివరికి బడిపంతులమ్మ సుశీలను పాఠం మధ్యలోంచి పిలుచుకొచ్చారు.

సుశీల పైనుంచి కిందికి చూసి అసలు సంగతి చెప్పింది. దసరా తర్వాత ఊళ్లో మలేరియా ప్రచారం జరిగింది కదా, గోడకు సున్నం కొట్టి, దానిమీద రేకు అచ్చు పెట్టి, ఎర్రరంగుతో 'నిలిచిన నీళ్లే దోమల ఇల్లు' అని అద్దారు కదా, ఆ గోడల జాబితా ఇది. ప్రచారానికి సర్కారు పెట్టిన ఖర్చు ఎవరికోసం పెట్టారో వాళ్లకు తెలియాలని కొత్త ఎండీవో సంజీవ పట్టుపట్టాడట. లెక్కలన్నీ వరంగల్ తీసుకుపోయి, అక్కడ కొత్తగా పెట్టిన కంప్యూటర్ మీద ఊరివారీగా, ఇంటి నంబరు వారీగా కొట్టించాడట. వచ్చే శుక్రవారం తానే వచ్చి గోడ గోడా చూస్తానని కింద రాశాడు.

ఇంకేముంది! లెక్క ఎవరిక్కావాలి, తమ పేరు కంప్యూటర్‌లో పడిందా లేదా అన్నదే అందరి ఆరాటం. నా పేరు చూడమ్మా అంటే నా పేరు చూడమ్మా అని సుశీల మీద పడ్డారు. పేరు చదివినప్పుడల్లా ఒక కేక, ఒక నవ్వు. ముసలి బుచ్చవ్వ తన పేరు రెండుసార్లు చదివించుకుని, పోయిన పెనిమిటికి చెబుతున్నట్టు ఆకాశంలోకి చూసింది. ఆ గుంపులో అందరికంటే ఎక్కువ మురిసిపోయింది మార్తమ్మ. ఎందుకు మురవదు? ఆ గోడలన్నిటికీ సున్నం వేసింది తనే. ఈ ఊళ్లో పెళ్లి ఇల్లయినా, చర్చి గోడయినా మార్తమ్మ చెయ్యి పడకుండా తెల్లబడదు.

మురిపెం ఎంతసేపు! గొర్రెలకాపరి రాజలింగు తన పేరు విని ముందు నవ్వాడు, తర్వాత తల గోక్కున్నాడు. నల్లటి గొంగడి భుజం మీద సర్దుకుంటూ, తన ఇంటికి అసలు గోడే లేదు, అంతా తడక, మరి దేనిమీద రాశారని అడిగాడు. గుంపులో గుసగుస మొదలైంది. మా గోడమీదా ఏం లేదే అని ఒకరు, మాదీ అంతే అని ఒకరు. సుశీల కిందిదాకా చదివింది. మొత్తం గోడలు నూట పన్నెండు. సున్నం కూలి తీసుకున్నది మార్తమ్మ, నూట పన్నెండు గోడలకు, వేలిముద్ర ఉంది.

 మార్తమ్మ వేసింది నలభై గోడలు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నలభై గోడలకే కూలి ముట్టింది. వేలిముద్ర మాత్రం పెట్టింది, కాదనడానికి లేదు. పని కాంట్రాక్టు పట్టిన శ్రీపాల్ పటేలు ఒక తెల్లకాగితం ముందు పెట్టి, ముందుగాల ఏలు పెట్టు, లెక్క తర్వాత రాసుకుంటాం అంటే పెట్టేసింది. పదిమందికి పని ఇచ్చే మనిషి, ఊరికి పెద్ద, కాగితం అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు?

సాయంత్రానికి పటేలు మాట ఊరంతా పాకింది. సున్నం లెక్క మార్తమ్మే చెప్పిందట, ఆమె చెప్పినన్ని గోడలకు ఆయన కూలి ఇచ్చాడట, మిగతాది ఆమెనే అడగాలట. తెల్లారేసరికి రెండు పెళ్లి ఇళ్లవాళ్లు కబురు పంపారు, సున్నం పని వేరేవాళ్లకు ఇచ్చామని. ఎండాకాలం పెళ్లిళ్ల మీదే మార్తమ్మ ఏడాది బతుకు. దానికన్నా మండిపోయే సంగతి ఇంకొకటి. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మాటలు ఆగిపోతున్నాయి. దొంగ అని ఎవరూ అనలేదు. అన్నా బాగుండేది, ఎదురు తిరిగి నాలుగు దులిపేది.

మంగళవారం పొద్దున ఇంకో వింత మొదలైంది. పరకాల వైపు నుంచి ఎవరో ఆరుగురు మనుషులు, రెండు ఎడ్లబండ్ల నిండా సున్నం, రేకు అచ్చులు, రంగు డబ్బాలు. జనం మిరపకాయలు ఏరడానికి పోయిన వేళ చూసి ఇంటింటి మీద పడ్డారు. మార్తమ్మ తన గడపలో కూర్చుని చూస్తూనే ఉంది. సున్నం నానలేదు, వడగట్టలేదు, ఇట్లా కలిపి అట్లా పూసి పారేశారు. గోడలేని ఇళ్లకు తడకమీద తడిమట్టి మెత్తి, ఆ మట్టి ఆరకముందే సున్నం కొట్టారు. బుధవారం పొద్దు గూకేసరికి ఊళ్లో ఎటు చూసినా 'నిలిచిన నీళ్లే దోమల ఇల్లు'. దోమలకు చదువొస్తే ఆ రెండు రోజుల్లోనే ఊరు విడిచి పోయేవి!

బుధవారమే పటేలు మార్తమ్మ వాకిట్లోకి స్వయంగా వచ్చాడు. ఎన్నడూ రాని మనిషి. మంచం వేయబోతే వద్దని, నిలబడే మాట్లాడాడు. కోపం లేదు, బెదిరింపు లేదు, చాలా నెమ్మది.

"సారు అడిగితే అన్నీ నేనే ఏసిన అను. నూట పన్నెండు రాసుంది, నూట పన్నెండు కనపడ్తయి. నీ పేరు నిలుస్తది, నా పేరు నిలుస్తది. పెండ్లిళ్ల పని నీకే ఇప్పిస్త."

ఆయన వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆమెకు తీపిగానే ఉంది. ఊరుకుంటే చాలు. తలెత్తుకుని బోరింగు దగ్గరికి పోవచ్చు. నోరు విప్పితే మాత్రం తెల్లకాగితం మీద వేలు పెట్టినదాన్నని నలుగురిలో ఒప్పుకోవాలి, పైగా పటేలుకు ఎదురు నిలవాలి. యేసయ్యా, నువ్వే దారి చూపు అని పడుకుంది గానీ, దారి ఆమెకు అప్పటికే కనబడింది. నోరు మూసుకునే దారి.

శుక్రవారం పొద్దున ఎండీవో జీపు వచ్చింది. పాతికేళ్లు దాటని కుర్రవాడు, మనిషి బక్కపలచన. చేతిలో అదే చిల్లుల కాగితం ఇంకో ప్రతి. వెనక సుశీల, సుశీల వెనక ఊరు. ఆ రోజు మిరప ఏరడానికి ఎవరూ పోలేదు. డప్పు లేదు గానీ ఊరేగింపే అది. ఇల్లు రాగానే ఆయన నంబరు చదవడం, జనం గోడవైపు పరుగెత్తడం, ఉంది ఉంది అని అరవడం, ఆయన గీత కొట్టడం. పటేలు తెల్లపంచెతో పక్కనే నడుస్తూ ప్రతి గీతకూ తల పంకిస్తున్నాడు. అరవై దాటాయి, డెబ్భై దాటాయి, ఒక్కటీ తప్పడంలేదు. తమ గోడ నిన్న మొన్న తెల్లబడిందని ఆ ఇళ్లవాళ్లందరికీ తెలుసు. కానీ ఒకరి పొలం పటేలు కౌలుకిచ్చింది, ఒకరి కొడుకు పటేలు ట్రాక్టర్ మీద డ్రైవరు. ఎవరి నోట మాట రాలేదు.

బుచ్చవ్వ ఇంటి దగ్గర ఎండీవోకు ఎందుకో అనుమానం వచ్చింది. ఈ రాత ఎప్పటిది అవ్వా అని అడిగాడు. బుచ్చవ్వ పటేలు మొహం చూసింది, మార్తమ్మ మొహం చూసింది, గోడకు ఆనుకుని నిలబడింది.

"నాకు యాదికి లేదు బిడ్డా. ముసలిదాన్ని, పరేషాన్ జెయ్యకు."

అంటూ పక్కకు జరిగింది. వీపంతా తెల్లగా అయిపోయింది. నేరేడు రంగు చీర మెడ నుంచి నడుం దాకా పిండి చల్లినట్టుంది. జనం ఫక్కున నవ్వారు. నవ్వుల మధ్యలోంచి ఎవరో ఆడగొంతు, మార్తమ్మ సున్నమంటే గింతే కదా అంది.

అంతే! ఆ ఒక్క మాట మార్తమ్మకు నషాళానికి ఎక్కింది. దొంగను చూసినట్టు చూస్తే ఓర్చుకుంది, పని పోతే ఓర్చుకుంది. తన సున్నం వీపుకంటుతుందంటే మాత్రం ఓర్చుకోలేకపోయింది. సున్నపురాళ్లు మూడు రోజులు నానేసి, పాతచీరలో వడగట్టి, తుమ్మజిగురు కాచి కలిపితే గానీ ఆమె కుంచె ముంచదు. పిల్లలు ఆనుకున్నా, బర్రెలు రుద్దుకున్నా రేణువు రాలదు. వాళ్లమ్మ నేర్పిన పని అది. ఆ పనికి ఇన్నేళ్లలో ఒక్క వంక పెట్టినవాళ్లు లేరు. ఆమె గుంపును తోసుకుని ముందుకొచ్చింది. గొంతు ఖంగుమంది.

"సారూ, గీ సున్నం నాది కాదు. నేను ఏసినయి నలభై గోడలే. తెల్లకాయితం మీద ఏలు పెట్టిన, గది నా తప్పు. నా సున్నం ఏదో, కానిదేదో ఇప్పుడే చూపిస్త."

పటేలు మొహం గంటు పెట్టుకున్నాడు. ఇది మతిపోయిన మాట, చదువురానిదానికి నలభై ఎట్లా గుర్తుంటుందని ఆయన అన్నాడు. మార్తమ్మ ఆయన వైపు చూడనేలేదు. గుంపులో రాజలింగును వెతికి పట్టుకుంది.

"అన్నా, నీ గొంగడి జర ఇయ్యి."

రాజలింగు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయాడు. పటేలు బీళ్లలోనే తన గొర్రెలు మేసేది. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, గొంగడి ఇవ్వలేదు, తానే ముందుకొచ్చాడు. దాన్ని తలమీది నుంచి కాళ్లదాకా కప్పుకుని, వచ్చి బుచ్చవ్వ గోడకు వీపు ఆనించి, బర్రెలాగా అటూ ఇటూ రుద్దాడు. ఇటు తిరిగాడు. కారునల్లటి గొంగడి మీద ఎర్రరంగుతో కలిసిన తెల్లటి మచ్చ, మంచమంత. జనం హోరెత్తిపోయారు.

ఎండీవోకు సంగతి అర్థమైంది. కాగితం మీద కొట్టిన గీతలన్నీ కొట్టివేశాడు. మళ్లీ మొదటి ఇంటి నుంచి లెక్క పెడదాం పదండి అన్నాడు. ఇక చూడాలి సంబరం! ముందు రాజలింగు, వెనక ఊరు. గోడ రాగానే గొంగడి దులుపుకోవడం, రుద్దడం, తిరగడం. సర్పంచు ఇంటి గోడ, నలుపు నలుపుగానే ఉంది. మార్తమ్మది అని అందరూ ఒక్కసారిగా అరిచారు. పక్కింటి గోడ, తెల్లటి మచ్చ. మార్తమ్మది కాదు అని అరిచారు. పదో ఇంటికి పిల్లలు కూడా ముందే చెప్పేస్తున్నారు. పదిహేనో ఇంటికి, ఇందాక యాదికి లేదన్నవాళ్లందరికీ యాదికొచ్చింది. మాది మంగళవారం ఏసిన్రు అని ఒకరు, మాది బుధవారం అంబలి తాగే పొద్దుకు ఏసిన్రు అని ఒకరు. ఒక్కడే అంటే భయంగానీ, ఊరంతా అంటుంటే భయమెక్కడిది? రాజలింగు తన తడక దగ్గరికి వచ్చి వీపు ఆనించాడో లేదో, మట్టితో సహా రాతంతా ఊడి కుప్పగా కిందపడింది. దోమల ఇల్లు కూలిపోయిందని ఎవరో అంటే ఎండీవో కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

అప్పటికి పటేలు తెల్లపంచె గుంపులో లేదు. ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

నూట పన్నెండో ఇల్లు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సుశీల బలపంతో పలక మీద గీతలు గీస్తూ వచ్చింది. సున్నం అంటని గోడలు ఎన్నో లెక్కపెట్టింది. ఎందుకైనా మంచిదని మళ్లీ లెక్కపెట్టింది. నలభై. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బుచ్చవ్వ వచ్చి, నాకు యాదికుండె బిడ్డా, నోరు రాలే అని ఆమె చెయ్యి పట్టుకుంది.

ఎండీవో పంచాయతీ అరుగుమీద కూర్చుని పంచనామా రాశాడు. కింద మార్తమ్మ వేలిముద్ర కావాలని సిరా డబ్బా తెరిచి ముందుకు జరిపాడు. మార్తమ్మ చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"ముందుగాల సదువు సారూ. మొదటి నుంచి, అందరు ఇనేటట్టు."

ఆయన చెంపలు ఎర్రబడ్డాయి. తప్పయిందమ్మా అని లేచి నిలబడి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా గొంతెత్తి చదివాడు. ఊరంతా చెవులు రిక్కించి వింది. నలభై అన్న మాట దగ్గర మార్తమ్మ ఆపమంది, మళ్లీ చదవమంది, మళ్లీ వింది. అప్పుడు వేలు సిరాలో ముంచి, కాగితం మీద గట్టిగా అదిమింది.

జీపు ఎక్కబోతుంటే ఎండీవో ఆ గొంగడి సాక్ష్యంగా కావాలన్నాడు. రాజలింగుకు చిర్రెత్తుకొచ్చింది. వానాకాలం వస్తే ఎండీవో సారు తన మీద గొడుగు పడతాడా అని అడిగాడు. చివరికి బేరం కుదిరింది. కొత్త జాబితా వచ్చేదాకా ఊళ్లోనే ఉంచాలి, ఎవరూ ఉతకరాదు. దాన్ని పంచాయతీ గోడకు, కంప్యూటర్ కాగితం పక్కనే మేకుకు తగిలించారు. పక్షం రోజులు ఆ ఊళ్లో పొద్దునే బోరింగుకు పోయే ఆడవాళ్లు అక్కడ ఆగి వెళ్లేవారు. కాగితం చదవడానికి సుశీల కావలసి వచ్చింది గానీ, గొంగడిని ఎవరికి వాళ్లే చదువుకున్నారు.