కదలని కుందేలు

పొద్దున ఏడింటికల్లా కుందేళ్ళమ్మ పరిశోధన కేంద్రం వెనక గేటు దగ్గర చెప్పులు విడిచి రబ్బరు బూట్లు తొడుక్కునేది. మోచేతుల దాకా చేతులు రుద్దుకుని, తెల్లకోటు తగిలించుకుని తలుపు తీసేది. తీయగానే నలభై కుందేళ్ళు ఒక్కసారిగా చెవులు నిక్కించేవి.

"ఆ, వచ్చాన్లే, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అనేది వాటితో.

బోనుల కింద ట్రేలు మార్చి, నీళ్ళ సీసాలు కడిగి, ఒక్కోదాన్నీ ఎత్తి పళ్ళూ గోళ్ళూ చూసి దించేసరికి పది అయ్యేది. పదకొండేళ్ళుగా అదే పని. అమ్మానాన్నలు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు ఆమెకి.

ఆపరేషన్ ఉన్న రోజు ఆమెకి ఇంకో పని కూడా పడేది. మత్తు ఎక్కేదాకా కుందేలుని ఒళ్ళో పట్టుకోవాలి. బెదిరిన ప్రాణికి మత్తు సరిగా ఎక్కదని, తెలిసిన చేతులైతే నిమ్మళంగా ఉంటుందని ఆ పద్ధతి పెట్టింది ప్రయోగాలు చేసే డాక్టరుగారే. ప్రమాదాల్లో నరాలు తెగి కాళ్ళు చచ్చుబడినవాళ్ళకి మందు కనిపెట్టాలని ఆయన తాపత్రయం. మెత్తటి మనిషి. ఆమె పెళ్ళిరోజు కూడా గుర్తుపెట్టుకుని పలకరించేవాడు. ఆ గది గోడకి చట్టం చెప్పిన నియమాలు పటంకట్టి తగిలించి ఉండేవి. నొప్పి పుట్టించే ఏ పనికైనా ముందు మత్తు ఇవ్వాలి, జంతువుల మీద ప్రయోగాలు చూసే కమిటీ ఒప్పుకున్న పద్ధతి సొంతంగా మార్చకూడదు, అలాంటివి. వారానికోసారి దాని మీద దుమ్ము తుడిచీ తుడిచీ ఆమెకి అవన్నీ నోటికొచ్చేశాయి.

కేంద్రంలో బట్టలుతికే యంత్రం ఉంది గానీ బొత్తాలు ఊడగొడుతుందని కోటు ఇంటికే తెచ్చుకునేది. దాన్ని ఉతికేది అత్తగారు.

అత్తగారి చేతులకి ఒక గుణం ఉంది. ఏ జంతువు తగిలిన బట్టనైనా నీళ్ళలో ముంచి చేయి పెడితే, ఆ జంతువు పడ్డదంతా ఆవిడకి తెలిసిపోతుంది. కొందరి దస్తూరీ బాగుంటుంది, కొందరి గొంతు బాగుంటుంది, ఈవిడది ఇది, అంతే అనుకునేవారు వీధిలో వాళ్ళు. పక్కింటి రిటైరైన పోస్ట్‌మాస్టరు తన కుక్క పడుకునే గోనె పట్టుకొచ్చి, "ఏమిటమ్మా వీడి గోల, రెండ్రోజులుగా తిండి ముట్టడు" అని అడిగేవాడు. "ఎడమ చెవిలో గడ్డిపరక దూరింది, తీయించు" అనేది ఆవిడ, చేతులు తుడుచుకుంటూ. పశువుల డాక్టరు సైతం రోగం అంతుపట్టనప్పుడు దుప్పటి పంపేవాడు.

కోడలి కోటు ఉతికినప్పుడల్లా ఆవిడ ఒకటే చెప్పేది. "ఇవాళ్టిది హాయిగా పడుకుందే." ఆ మాట విన్నాకే కోడలు టీ తాగేది.

ఆ మంగళవారం డాక్టరుగారు కొత్త మందు సిరంజిలోకి లాగుతూ, "ఇక నుంచి మత్తుకి ఇది. క్షణంలో నిద్రపోతుంది" అన్నాడు. చెవి మీద బూడిదరంగు మచ్చ ఉన్న ఆడకుందేలు ఆ రోజు ఆమె ఒళ్ళో ఉంది. సూది దిగిన కాసేపటికే తడిగుడ్డలా వాలిపోయింది. దానికి ఊపిరి అందించే మిషను తగిలించారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మత్తులో ఉన్న కుందేళ్ళు చాలావరకు అలాగే ఉంటాయి గనక ఆమె ఏమీ అనుకోలేదు. అలవాటుగా దాని నుదురు నిమురుతూ, "పడుకో బంగారం, నేనున్నాగా" అంది. కుడి తొడ కోసి నరం కొలవడానికి యాభై నిమిషాలు పట్టింది. తర్వాత డాక్టరుగారే దానికి చివరి సూది ఇచ్చాడు.

సాయంత్రం ఆమె పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టింది. పెరట్లోంచి కేక వినిపించింది. మనిషి కేకలా లేదది.

పరుగున వెళ్ళేసరికి బకెట్ బోర్లాపడి ఉంది. అత్తగారు గోడకి చేరగిలబడి, రెండు చేతులూ గాల్లోకి చాపి, వాటి వంక చూస్తోంది. ఆవిడ కుడి తొడ అదురుతోంది.

"అత్తయ్యా! ఏమైంది?"

"అది పడుకోలేదే అమ్మాయ్" అంది.

"లేదత్తయ్యా. నేను పక్కనే ఉన్నా. వెంట్రుక కూడా కదల్లేదు."

"కదల్లేకపోయింది. కత్తి పెట్టినప్పుడు మెలకువగానే ఉంది. చివరిదాకా మెలకువగానే ఉంది."

టీ నీళ్ళు పొంగి పొయ్యి ఆరిన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. "మీరు పొరబడి ఉంటారు" అందామనుకుంది కుందేళ్ళమ్మ. పదకొండేళ్ళలో ఆవిడ ఒక్కసారీ పొరబడలేదు.

"నువ్వు పడుకోమన్నావు" అంది అత్తగారు, నెమ్మదిగా. "నీ గొంతు తెలుసు దానికి. నువ్వు చెప్పావని పడుకోవాలనే చూసింది, పిచ్చిది."

ఆమె అక్కడే తడినేల మీద కూలబడింది. ఆ కుందేలుని పట్టుకున్న చేతులు తనవే. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మర్నాడు అందరికన్నా ముందే వెళ్ళి మందుల అల్మారా తెరిచింది. కిందటి వారం వచ్చిన మత్తుమందు సీసాలకి సీలు కూడా విప్పలేదు. వాటి పక్కన కొత్తమందు. దాని పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని పశువుల డాక్టరుకి ఫోన్‌లో చదివి వినిపించింది.

"అది కండరాల్ని కట్టేసే మందమ్మా. ఒళ్ళు కదలదు, ఊపిరి కూడా సొంతంగా ఆడదు. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. మత్తు లేకుండా అదొక్కటే ఇచ్చారంటే నేరం. ఎవరిచ్చారు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. కుందేళ్ళ గదికి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుంది. డాక్టరుగారి సహాయకుడు వచ్చి కుందేలుని తెమ్మంటే, "ఇవాళ రాదు" అంది. "ఎందుకు రాదు?" అంటే, "ఎందుకో డాక్టరుగారికి తెలుసు" అని నేరుగా ఇంటికి వచ్చేసింది.

మధ్యాహ్నానికి డాక్టరుగారే వాళ్ళింటికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మత్తు ఇస్తే నరం పలకడం లేదమ్మా. కొలతలన్నీ తప్పుతున్నాయి. కమిటీని అడిగితే నాలుగు నెలలు పడుతుంది, అప్పటికీ వద్దంటారు. రెండు కుందేళ్ళు, మూడు... అంతే అనుకున్నా. ఎంతమంది లేచి నడుస్తారో ఆలోచించు."

"నాతో నిద్ర అని చెప్పారు కదండీ" అంది ఆమె. "నా చేతుల్లో పెట్టి కోశారు."

ఆయన తల దించుకున్నాడు. "దానికి అంతగా తెలిసి ఉండదులే" అన్నాడు మెల్లగా.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు నోరు విప్పింది. "ఆకుపచ్చ వద్దురా తల్లీ, పసుపు వేయించుకుందాం."

డాక్టరు చప్పున తలెత్తాడు.

"ఫోన్ మోగింది. ఎవరో నీ చెవి దగ్గర పెట్టారు. మీ అమ్మాయి తన గదికి ఏ రంగు వేయించాలని అడిగింది. నువ్విలా అని నవ్వావు. నువ్వు నవ్వినప్పుడు కత్తి కదిలింది బాబూ. అది వింటూనే ఉంది."

ఆ మాటలు కుందేళ్ళమ్మ ఇంట్లో చెప్పలేదు. ఫోన్ వచ్చిన సంగతే ఆమె మర్చిపోయింది. డాక్టరు ఏదో తగిలినట్టు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు కమిటీకి ఆయనే తన చేత్తో రాసి ఇచ్చాడు. ఎవరూ అడక్కముందే ఆ ఒక్క కుందేలుతో పాటు ఇంకో రెండింటి సంగతీ చెప్పాడు. ఆ రెండూ ఆ మంగళవారానికి ముందు, కుందేళ్ళమ్మ సెలవు పెట్టిన వారంలో జరిగాయట. కమిటీ పంపిన ఇనస్పెక్టరమ్మ వచ్చి సీలు విప్పని సీసాలు పట్టుకుంది, సహాయకుణ్ణి ప్రశ్నించింది, అత్తగారి సాక్ష్యం అడిగి రాసుకుని కింద సంతకం పెట్టించుకుంది. ప్రయోగం ఆగిపోయింది. జంతువుల మీద మళ్ళీ పని చేయకుండా డాక్టరు అనుమతి రద్దయింది, కేసు కూడా నడిచింది. కోర్టులో ఆయన తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేదని విన్నారు. మిగిలిన కుందేళ్ళని చట్టప్రకారం పెంచుకునేవాళ్ళకి ఇచ్చేశారు.

కుందేళ్ళమ్మ పని మానేస్తానంది. ఇనస్పెక్టరమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు వెళ్ళిపోతే ఆ గదిలో వాటి తరఫున ఎవరుంటారు?" అంది. ఇకమీదట కుందేళ్ళమ్మ సరేననేదాకా ఎవరూ కత్తి పట్టకూడదని ఉత్తర్వులో ఒక వాక్యం కలిపింది.

ఏడు నెలలకి కొత్త డాక్టరమ్మ వచ్చింది, కొత్త కుందేళ్ళు వచ్చాయి. మొదటి ఆపరేషన్ రోజు మత్తు ఇచ్చారు. కుందేలు వాలిపోయింది. అందరూ గ్లవుజులు తొడుక్కుని బల్ల చుట్టూ చేరారు.

"మొదలుపెడదామా?" అంది డాక్టరమ్మ.

కుందేళ్ళమ్మ దాని కనురెప్ప తాకింది. చెవి నొక్కింది. తర్వాత వెనక కాలి వేళ్ళు రెండు గట్టిగా గిల్లింది. సన్నగా, తెలిసీ తెలియనంతగా, ఆ కాలు వెనక్కి వెళ్ళింది.

"ఆగండి" అంది ఆమె.

డాక్టరమ్మ కత్తి కింద పెట్టేసింది.