ఒలకని సముద్రం

ముందుగదిలో సోఫాకి ఎదురుగా ఒక మేకు ఉంది. దానికి చాలా ఏళ్ళుగా ఒక నల్లగొడుగు వేలాడుతోంది. ఇంటికి వచ్చినవాళ్ళు ఒక గొడుగుకి ఇంత మర్యాద ఏమిటా అని చూసి, అడగబోయి, ఊరుకుంటారు. నిజానికి ఆ మేకు గొడుగు కోసం కొట్టింది కాదు, సముద్రం కోసం కొట్టింది.

కొట్టింది సర్వేయరుగారి భార్య. సర్వేయరుగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొలాలూ రోడ్లూ ఇళ్ళ స్థలాలూ కొలిచారు. ఆయన గీసిన హద్దు మీద గోడ కట్టుకుని తరవాత పోట్లాడుకున్న అన్నదమ్ములు లేరు. అంతటి మనిషీ సెలవుల్లో కెమెరా మెడలో వేసుకుని సముద్రపు ఒడ్డుకి వెళ్తే, తీసిన ప్రతి ఫోటోలోనూ సముద్రం కుడివైపుకి వాలిపోయేది. భార్య ఆ ఫోటోలు ఒళ్ళో పరుచుకుని, వైద్యుడు నాలుక చూసినట్టు ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టేది.

"ఏమండీ, దీన్ని గోడకి పెడితే పొద్దుటికి మన సోఫా తడిసిపోతుంది," అనేది.

స్టాండు వాడమని అందరూ చెప్పారు. మూడుకాళ్ళ స్టాండుతో ఉద్యోగమంతా కాపురం చేశాను, సెలవుల్లో కూడా దాని మొహం చూడలేనని ఆయన పట్టు. చివరికి ఒకరోజు ఆవిడే స్టూలెక్కి మేకు కొట్టి, దానికి గొడుగు తగిలించి, షరతు పెట్టింది. సముద్రం ఒలకకుండా ఇంటికి వచ్చిన రోజున గొడుగు దిగుతుంది. అంతవరకూ ఆ గోడ గొడుగుదే.

ఆ రోజు రాలేదు. ఆవిడే ముందు వెళ్ళిపోయింది. ఏడాది తిరిగినా గొడుగు అక్కడే ఉంది. వాన పడితే సర్వేయరుగారు తడుస్తూ వెళ్ళేవారు గాని దాన్ని ముట్టుకునేవారు కాదు.

పక్కవీధిలో ఉన్న కూతురికి ఇది చూడబుద్ధి కాలేదు. ఆఖరిసారి అమ్మానాన్నా కలిసి వెళ్ళినప్పటి ఫోటో ఒకటి తీసుకుని, కంప్యూటర్లో తిప్పి, సముద్రాన్ని చిటికెలో తిన్నగా చేసి చూపించింది. తిప్పేసరికి ఫోటో నాలుగు మూలలూ తెగిపోయాయి. ఎడమ అంచున ఏదో నీలిమరక ఉండేది, అది కూడా పోయింది. పోతే పోయింది నాన్నా, అంది కూతురు, అది ఎటూ మరకే కదా.

ఆయన ఒప్పుకోలేదు. "మీ అమ్మ షరతు పెట్టింది కెమెరాకి. కత్తెరకి కాదు," అన్నారు. ఒక్కసారి, ఒంటరిగా, ఎవరి తొందరా లేకుండా వెళ్ళి, తిన్నని సముద్రాన్ని తీసుకొస్తానన్నారు. కూతురికి అర్థమైంది. ఆయన ఫోటో కోసం వెళ్ళడం లేదు. బాకీపడిన మాట ఒకటి తీర్చుకోవడానికి వెళ్తున్నారు.

వ్యాను బావమరిది ఇచ్చాడు. పాత బ్రెడ్డు వ్యానుని కొని, సొంత చేతులతో పడకా పొయ్యీ కుళాయీ పెట్టి, దాన్ని క్యాంపర్ వ్యాను చేశాననుకుంటున్న మనిషి అతను. ఎండెక్కితే లోపల ఇప్పటికీ బ్రెడ్డు వాసన వస్తుంది. పక్క పరిస్తే తలుపు తెరుచుకోదు. తలుపు తెరిస్తే పొయ్యి కింద అర తెరుచుకుంటుంది. కుళాయి తిప్పితే ముందు నిట్టూరుస్తుంది, తరవాత ఆలోచిస్తుంది, ఆపైన ఇష్టముంటే నీళ్ళిస్తుంది. ఇవన్నీ దోషాలు కావనీ వ్యాను స్వభావమనీ బావమరిది అరపూట బోధించాడు. స్టీరింగు ముందు ఒక రసమట్టం కూడా అతికించాడు, తాపీమేస్త్రీలు గోడ చూసుకునేది. ఆగిన చోట దాన్లో బుడగ మధ్యకి వచ్చేదాకా చక్రాల కింద చెక్కలు పెట్టాలట.

"బావా, నీకేమైనా అయితే అడగడానికి అక్క లేదు," అన్నాడు తాళాలు చేతిలో పెడుతూ. "వ్యానుకేమైనా అయితే మాత్రం మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. చూసుకో."

ఆ మాటని ఆశీర్వాదం కింద జమ వేసుకుని సర్వేయరుగారు బయల్దేరారు.

సముద్రం మీదికి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ అంచున వ్యాన్లు ఆపుకునే చోటు ఉంది. కింద నల్లరాళ్ళు, రాళ్ళ మధ్య పాలపొంగులా నురగ. నేల మాత్రం జారుడుబల్ల. ఊరంతటికీ మట్టం చూసిపెట్టిన మనిషి తన పక్కకి మట్టం చూసుకోలేక, మొదటి రాత్రంతా తలవైపుకి జారుతూ గడిపారు. పొద్దున్న వేసుకున్న అట్టు ఒక అంచున దిండులా, ఇంకో అంచున కాగితంలా వచ్చింది. దిండువైపు తిని, కాగితంవైపు కాకులకి పెట్టారు.

పక్క వ్యానులో ఒకావిడ ఉంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎవరినైనా చూస్తే ముందు కళ్ళకింద రంగు చూస్తుంది. ఆయన అవస్థ గమనించి, అడక్కుండానే వచ్చి, వెనకచక్రం కింద ఇంకో చెక్క దోపి, మెట్టు మీద వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టి వెళ్ళిపోయింది. కృతజ్ఞత చెప్పించుకునే మొహమాటం కూడా మిగల్చకుండా సాయం చేసేవాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారని ఆయన ఆ నీళ్ళతో మొహం కడుక్కుంటూ అనుకున్నారు.

ఎండ మెత్తగా ఉండగానే కెమెరా పట్టుకుని అంచుకి వెళ్ళారు. ఊపిరి బిగబట్టి వరసగా తీశారు. వ్యానులోకి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, వాలి ఉంటుందన్న ధైర్యంతో చూశారు.

సముద్రం తిన్నగా ఉంది.

రెండోది చూశారు. అదీ తిన్నగానే ఉంది. అన్నీ అంతే. నమ్మకం కుదరక కెమెరా తెర మీద, దాని అంచుకి సమాంతరంగా దువ్వెన ఆనించి చూశారు. దువ్వెనకీ సముద్రానికీ మధ్య వెంట్రుక దూరదు. కెమెరా పట్టుకుని పక్క వ్యాను దగ్గరికి నడిచారు.

"అమ్మా, ఈ సముద్రం మీకెలా కనిపిస్తోంది?"

"తడిగా ఉందండీ," అంది నర్సమ్మగారు. తరవాత జాలిపడి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. "గీత గీసినట్టుంది అన్నయ్యగారూ. ఇంత మంచి ఫోటో తీసి ఆ ఏడుపుమొహమేమిటి?"

ఆయనకీ అదే తెలియలేదు. బావమరిదికి ఫోన్ చేస్తే అతను ముందు చక్రాల క్షేమం, తరవాత కుళాయి క్షేమం అడిగి, ఆఖరికి సంగతి విన్నాడు. నువ్వే తీశావా, ఎవరిచేతైనా తీయించావా అని అనుమానించాడు. కూతురు మాత్రం, అయితే ఇంటికి వచ్చేయ్ నాన్నా, గొడుగు దింపేద్దాం, అంది.

రావచ్చు. షరతు తీరింది. కాని పరీక్ష పెట్టిన మేష్టారు లేని గదిలో పాసయినట్టుంది ఆయనకి. దానికి తోడు సర్వేయరు బుద్ధి ఒకటి లోపల గోకుతోంది. తప్పు వచ్చిందంటే దానికి కారణం ఉంటుంది. తప్పు పోయిందన్నా కారణం ఉండాలి. కెమెరా అదే, కళ్ళు అవే, చేతులు అవే. పోయిన వంకర ఎక్కడికి పోయినట్టు? అది తేలేదాకా కదలకూడదనుకున్నారు.

మర్నాడు సాయంత్రం నీళ్ళు తేవడానికి అక్కడి ఉమ్మడి కుళాయి దగ్గరికి వెళ్ళారు. బెల్టు ఉన్న పెద్ద నీళ్ళడబ్బా నింపుకుని తిరిగొస్తుంటే మబ్బు చిరిగి, సముద్రం మీద రాగిరేకు పరిచినట్టు వెలుగు పడింది. అది ఎంతసేపు ఉంటుందో తెలియదు. కింద పెడదామంటే బురద. డబ్బా బెల్టుని ఎడమ మోచేతికి తగిలించుకుని, రెండు చేతులా కెమెరా ఎత్తి, నొక్కేశారు.

చూస్తే, సముద్రం కుడివైపుకి ఒలికిపోయి ఉంది.

అదే వంకర. తేడా లేదు. ఆల్బముల నిండా ఉన్న వంకర. ఆయన సగం నీళ్ళు పారబోసి మళ్ళీ తీశారు. సగం వంకర. ఎండుగడ్డి మీద డబ్బా దింపి తీశారు. తిన్నగా వచ్చింది. మళ్ళీ కుళాయి దగ్గరికి పరిగెత్తి, నింపుకొచ్చి, మోచేతికి తగిలించుకుని తీశారు. ఒలికింది. పెద్దమనిషి ఒకాయన డబ్బా నింపడం, ఫోటో తీయడం, పారబోయడం, ఫోటో తీయడం చూసి, నర్సమ్మగారు అల్లుతున్న ఊలు పక్కన పెట్టి లేచి నిలబడింది.

ఆయనకి అప్పుడు మోచెయ్యి గుర్తొచ్చింది. సముద్రం దగ్గర గాలంటే భార్యకి భయం. ఒడ్డున అడుగు పెడుతూనే ఆయన ఎడమ మోచేతిని రెండు చేతులా పట్టుకుని, మనిషి బరువంతా దాని మీద వేసి, తొందరగా తియ్యండి ఎగిరిపోయేట్టున్నాను అని తీసేదాకా వేలాడేది. ప్రతిసారీ. ప్రతి ఒడ్డునా. ఆ నీలిమరక మరక కాదు. గాలికి కెమెరా ముందుకి ఎగిరిన ఆవిడ నీలం స్కార్ఫు కొస.

సర్వేయరుగారు డబ్బా మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగలేదు, కళ్ళు తడవడం కూడా ఆగలేదు. నర్సమ్మగారు వచ్చి ముందు నాడి చూసింది.

"మా ఆవిడండీ," అన్నారాయన. "పెళ్ళయినప్పటినించీ నా చేతికి వేలాడి, సముద్రాలన్నీ తనే ఒంపేసి, తిట్లు మాత్రం నాకు పెట్టింది."

విషయమంతా విని నర్సమ్మగారు నాడి వదలకుండానే అడిగింది.

"ఆవిడకి తెలియకుండానే అంటారా?"

ఆయన నవ్వు ఆగింది. మేకు కొట్టి స్టూలు దిగుతున్నప్పుడు భార్య పెదవి చివర ఏదో దాచుకోవడం ఆయన చూశారు. సుత్తి బరువుకనుకున్నారు ఇన్నాళ్ళూ.

ఇంటికి వచ్చి తిన్నని సముద్రానికి పటం కట్టించారు. గొడుగు దింపి మూలన ఆనించి, పటాన్ని మేకుకి పెట్టి, సోఫాలో కూర్చుని చూశారు. బాగుంది. బాంకుల్లో, పళ్ళ డాక్టర్ల దగ్గర, పిలుపు కోసం కూర్చునే గదుల్లో ఎంత బాగుంటుందో అంత బాగుంది. ఒక పూట ఓర్చుకున్నారు. సాయంత్రానికి దాన్ని దించి, భార్యతో ఆఖరిసారి వెళ్ళినప్పుడు తీసిన పాత ఫోటో, నీలికొస ఉన్నది, మూలలు తెగకుండా పటం కట్టించుకొచ్చారు.

కాని షరతు షరతే. సముద్రం ఒలకకూడదు. వ్యానులో బావమరిది అతికించిన రసమట్టం ఊడదీసి తెచ్చి, పటం అద్దం మీద నీటిగీతకి ఆనించి, బుడగ మధ్యకి వచ్చేదాకా పటాన్నే ఎడమవైపుకి వంచారు. చెయ్యి తియ్యగానే పటం బుద్ధిగా తిన్నగా అయి, సముద్రం ఒలికింది. ఎడమవైపు కాస్త బరువు కావాలి. తాళాల గుత్తి చాలలేదు. ఇస్త్రీపెట్టె ఎక్కువైంది. ఇల్లంతా వెతికి చివరికి మూలన ఆనించిన దాన్ని తీసుకొచ్చి తగిలించారు.

మర్నాడు కూతురూ బావమరిదీ కలిసి వచ్చారు. గోడ మీద పటం వంకరగా ఉంది. దాని ఎడమ చివర్న నల్లగొడుగు వేలాడుతోంది. బావమరిది వ్యాను చుట్టూ తిరిగి గీతలున్నాయేమో చూసుకుని వచ్చినవాడు, దీన్ని చూసి బావకి ఎండదెబ్బ తగిలిందని తేల్చేశాడు. కూతురు సరిచేద్దామని చెయ్యి చాచి, పటాన్ని కాకుండా లోపలి సముద్రాన్ని చూసి, ఆగింది. నీటిగీత ఈ చివర నించి ఆ చివరకి నిశ్చలంగా ఉంది. ఎడమ అంచున నీలంరంగు రెపరెపలాడుతోంది. దాన్ని వేలితో తాకబోయి, ఎవరిదో గుర్తుపట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ గొడుగు తీసేస్తే ఏమవుతుంది నాన్నా?" అంది.

"సోఫా తడుస్తుంది," అన్నారు సర్వేయరుగారు.