లోవమ్మ మాట

పల్లంరాజు తలుపు దూలానికి వీపు ఆనించి, మడమలు నేలకు తన్ని నెట్టాడు. లాకు తలుపు మూలుగుతూ మూసుకుంది. ధవళేశ్వరం నుంచి వచ్చిన శుక్రవారం పడవ లాకు మధ్యలో చిక్కింది. నీరు దిగువ కాలువ మట్టానికి దిగేదాకా ఇక దానికి కదలిక లేదు.

అతను లాకు తలుపులు తీసి మూసే లస్కరు. తండ్రిలాగే వల విసరాల్సినవాడు, కాలువలు వచ్చాక ఈ కొలువులో చేరాడు. వీపున దూలం ఒరుసుకునే చోట చర్మం నల్లగా కాయ కట్టింది. పడవల్ని ఎక్కించడం, దించడం తప్ప వేరే బతుకు ఎరగడు. మాట్లాడటం బొత్తిగా చేతకాదు. ఆ పని భార్యది.

లోవమ్మ ఒకప్పుడు లాకు గట్టున ఎండుచేపలు అమ్మేది. పడవ కిందికి దిగేలోపు రాజమండ్రి వార్తలన్నీ అడిగి, ప్రతిదానికీ ఒక మాట అనేది. కలెక్టరు దొర వస్తున్నాడని వీధులు ఊడ్పించారంటే, "అయితే ఆ దొరని ఊళ్ళోనే కట్టేయండి, రోజూ ఊడుస్తారు" అంది. ఆ మాట పడవెక్కి కాకినాడ దాకా పోయింది.

కాళ్ళు పడిపోయాక ఆమె గుడిసెలో మంచం పట్టింది. అప్పుడు పల్లంరాజు పాత వల విప్పి, దారం పేని, మంచం దగ్గర్నుంచి లాకు గుంజ దాకా కట్టాడు. గుంజ కొసన ఎద్దు మెడగంట తగిలించాడు. పడవవాళ్ళు గట్టిగా చెబితే వార్త గుడిసెలోకి వినబడేది. ఆమె దారం లాగితే గంట మోగేది. అతను వెళ్ళి ఆమె మాట విని, తెచ్చి పడవలో అప్పజెప్పి, ఆ తరవాతే దిగువ తలుపు తెరిచేవాడు. ఆలస్యమైందని ఎవరూ అనేవారు కాదు.

రెండ్రోజులుగా ఆమె గంజి ముట్టలేదు, పలకలేదు. పొద్దున మాత్రం, "ఇయ్యాల శుక్కురోరం కదా" అని, దారం వేలికి చుట్టించుకుంది. గంట ఒక్కసారి మోగితే చాలు, అన్నవరం కొండెక్కుతానని అతను మొక్కుకున్నాడు.

"అత్తకి ఎలాగుంది మావా?" అన్నాడు పడవ నడిపే సరంగు జీవరాజు.

"గట్టిగా సెప్పు."

జీవరాజు గుడిసె వైపు గొంతెత్తాడు. "అత్తోయ్, రాజమండ్రి మునిసిపాలిటీవోళ్ళు ఈది దీపాలు పెట్టేరు. మెంబరుకో దీపం, ఆయన గుమ్మం ముందే. బజారు కాడికొచ్చేసరికి దీపాలైపోయాయంట."

పడవలో నవ్వారు. నీరు కొంత దిగింది. గంట కదల్లేదు.

"ఆ వార్తకి పలకలేదంటే దీపాలు నచ్చినట్టు లేవు," అన్నారు పడవలో కూర్చున్న సూర్యప్రకాశం పంతులుగారు. ఆయన రాజమండ్రిలో నాటకం చూసి వస్తున్నారు. "లోవమ్మా, ఇది విను. నాటకంలో రాజు యుద్ధంలో చచ్చిపోయాడు. పద్యం బాగా పాడి చచ్చాడేమో, జనం ఒకటే చప్పట్లు, మళ్ళీ పాడమని. లేచాడు. మీసం సరిచేసుకున్నాడు. పాడాడు. మళ్ళీ చచ్చాడు."

"మూడోసారండి?" అన్నాడు జీవరాజు.

"రాణి ఒప్పుకోలేదోయ్. ఆ రాణీ మగాడే. నేనింక ఏడవలేను, చుట్టకి వేళైందన్నాడు."

పడవ నవ్వుతూనే కిందికి దిగింది. గట్టు మీంచి చూస్తే తలపాగాలే కనబడుతున్నాయి. గంట మీద ఒక ఈగ వాలి, లేచి పోయింది.

"నీళ్ళు కుదిరేయి మావా. తలుపు తియ్యి."

"ఉండు. ఆలోసిస్తంది."

"అంత పెద్ద మాటేంటి?"

పల్లంరాజు మరి కాసేపు గంటనే చూశాడు. తరవాత, అది మోగకుండానే, గుడిసెకు నడిచాడు.

లోవమ్మ ముఖం లాకు వైపే తిరిగి ఉంది. వింటున్నట్టు నోరు కాస్త తెరిచి ఉంది. దారం వేలికి చుట్టే ఉంది. అతను ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. పక్కన నేలమీద కూర్చున్నాడు.

"లోవా," అన్నాడు. "ఆ రాజు లేచేడంట. ఒక్కసారి లెగవే."

దుప్పటి మెడదాకా కప్పాడు. దారం విప్పబోయి మానేశాడు.

"ఏమందోయ్ పల్లంరాజూ?" పంతులుగారు కింద నుంచి కేకేశారు.

అతను గట్టున నిలబడ్డాడు. మొహాలన్నీ పైకెత్తి ఉన్నాయి. తనంత తాను ఒక్క మాట కల్పించి ఎరగడు.

"అడగ్గానే లేచేడంటే..." ఆగాడు. "మంచి రాజేనంటండి."

పడవంతా గొల్లున నవ్వింది. పంతులుగారు ఆ మాట రెండోసారి చెప్పించుకుని మరీ నవ్వారు. జీవరాజు మాత్రం నవ్వలేదు. పల్లంరాజు మొహం చూసి, తన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

పల్లంరాజు దూలానికి వీపు ఆనించాడు. దిగువ తలుపు తెరుచుకుంది. పడవ ఆ మాటతో కాకినాడ వైపు సాగిపోయింది. రేపు కాలువ పొడుగునా అది లోవమ్మ మాటే.

గుంజ మీది గంటకు గాలి తగిలింది, మోగేటంత గాలి కాదు. దాని నుంచి దారం గట్టు దిగి, గడ్డి మీదుగా గుడిసెలోకి వదులుగా పోయి ఉంది.