జీపులో గంజి

కల్వకుర్తి రోడ్డు మీద పొగలు కక్కి ఆగిన పాత జీపును మెకానిక్ నాగేందర్ చల్లారాక చూశాడు. రేడియేటర్‌లో నీళ్లు పోస్తే కిందికి చుక్క దిగలేదు. పుల్లతో గెలికితే తెల్లటి ముద్ద వచ్చింది.

"గంజి పోసిన్రా? గడ్డకట్టింది. ఇంజన్ కాలిపోయింది, ఇగ పాత ఇనుమే."

"రేడియేటర్‌కు చిల్లు వడ్డది. నూలుకు పెట్టినట్టు గంజి పెడితే మూసుకపోతదని ఇదే చెప్పింది!" జీపు యజమాని భిక్షపతి భార్య రాజమణి మీదికి లేచాడు.

జీపు కొన్ననాడు, ఇక మగ్గమెందుకని ఆమె నేసే మగ్గాన్ని విరగ్గొట్టి, ఆ కట్టెలతో ఆమె చేతే స్నానానికి వేన్నీళ్లు కాగబెట్టించుకున్నాడు భిక్షపతి.

"తెలిసే చెప్పిన," అంది. "గీ జీపుల గూడ నీళ్లు మంచిగనే మసిలినయ్. తానం చెయ్."