నగినందుకే

రాయచోటి దగ్గరి మునీంద్ర, అమలాపురం వైపు సుబ్బు ఎడారి దేశంలో, వఫ్రా అనేచోట ఒకే టమాటా తోటలో పనిచేసేవాళ్లు. ఒకే గది, ఒకే పొయ్యి. సుబ్బును మునీంద్ర ‘అన్నా’ అనేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మునీంద్ర పెండ్లాం ఫోనెత్తడం మానేసిందని సుబ్బు ఏదో ఎకసెక్కమాడి నవ్వాడు. మునీంద్ర చేతిలో పైపులు బిగించే ఇనప పానా ఉంది. ఒక్క దెబ్బే.

అతను పారిపోలేదు. సుబ్బు తల ఒళ్లో పెట్టుకుని, తోట యజమాని కఫీల్‌కు తనే ఫోన్ చేశాడు.

మొదట ఉరిశిక్ష పడింది, పైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది. సులైబియా జైల్లో బట్టలుతికే పని. ఏళ్లు గడిచినా చూడ్డానికి ఒక్కరూ రాలేదు.

ఒకరోజు ఎవరో వచ్చారని పిలిచారు. అద్దం అవతల నాగదుర్గ, సుబ్బు భార్య. ఫొటోల్లో చూసిన ముఖమే, బాగా చిక్కిపోయింది. మొగుడు పోయాక కూతుర్ని అత్త దగ్గర వదిలి, జాబ్రియాలో ఒక ఇంట పనికి కుదిరింది. ‘మామా’ అని పిలిచే ఆ ఇంటావిడను బతిమాలుకుని వచ్చింది.

మునీంద్ర రిసీవర్ అందుకున్నాడు. “వదినా...”

“వదినా అనకు. ఒక్కటి చెప్పు. మా ఊళ్లో అంతా ఆయనే ఏదో పాడుపని చేసుంటాడు, లేపోతే ఊరికే చంపుతారా అంటున్నారు. పెద్దదవుతున్న పిల్ల చెవిన కూడా పడింది. ఏం చేశాడాయన?”

“ఏం చేయలేదు. నగినాడు.”

“నవ్వినందుకా?”

“నగినందుకే.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి అడిగింది. “ఆఖర్న నా పేరేవన్నా తలిచాడా?”

అవునంటే ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని మునీంద్రకు తెలుసు. “ల్యా. నీళ్లు అడిగినాడు. తాపినా. రెండు గుక్కలు పోయినాయి.”

ఆ జవాబుతో అతను చెప్పిందంతా నిజమేనని ఆమెకు నమ్మకం కుదిరింది. “నిన్ను క్షమించడం నా వల్ల కాదు. కానీ ఈ మాట మా అత్తకి నీ నోటితో చెప్పు” అని నంబరు రెండుసార్లు చదివి వెళ్లిపోయింది.

తన వంతు వచ్చినప్పుడు జైలు ఫోన్ నుంచి చేశాడు. అటునుంచి సుబ్బు తల్లి సూరాయమ్మ “ఎవరండీ?” అని మూడోసారి అడిగాక పేరు చెప్పాడు. “మీ కొడుకు తప్పేం ల్యాదమ్మా. నాకే ఒళ్లు తెలీని కోపమొచ్చింది” అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాడు. అంతలో తలుపు చప్పుడు, అడుగులు, మనుషుల గొణుగుడు.

“ఇదిగో, వీధిలోకొచ్చాను” అంది సూరాయమ్మ. “స్పీకర్ పెట్టాను, ఊళ్లోవాళ్లున్నారు, పిల్ల కూడా ఉంది. ఇప్పుడు మళ్లీ చెప్పు బాబూ, గట్టిగా.”

మునీంద్ర చెప్పాడు. జైల్లో ఫోన్ కోసం వరసలో నిలబడ్డవాళ్లందరూ తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు.